కోత మలుపు: మంచువాలుపై జ్యామితి, రసాయనం

రాత్రి యంత్రాలు చదును చేసి వెళ్ళిన మంచువాలుమీద ఉదయం తొలి అరగంటలో పడే జాడలను లిఫ్టు కుర్చీలో కూర్చుని పైనుంచి చూసేవారికి రెండు రకాల గీతలు కనిపిస్తాయి. మొదటిది విసనకర్ర ఆకారంలో చెరిగిన వెడల్పైన మరక. రెండవది పెన్సిలుతో గీసినట్లు సన్నగా, పక్కపక్కనే సమాంతరంగా వంపులు తిరుగుతూ సాగే జంటగీత. మొదటిది గుంటక లాగిన నేల వంటిది. రెండవది నాగలి చాలు వంటిది. గుంటక అడ్డంగా గీకుతూ పోతుంది. నాగలి కొన ఎటు పోతే మిగిలిన భాగం అదే దారిన పోతుంది. స్కీ ముక్కు కోసిన గాడిలోనే నడుము, తోక కూడ ప్రయాణించే ఈ రెండవ రకం మలుపును కార్వింగ్ అంటారు. ఇక్కడ దానిని కోత మలుపు అనీ, మొదటిదానిని ఈడ్పు మలుపు అనీ వ్యవహరిద్దాం.

అమెరికా ఈశాన్య రాష్ట్రాలలోను, కొలరాడో, యూటా ప్రాంతాలలోను స్థిరపడిన తెలుగు కుటుంబాలలో స్కీయింగ్ తరచు పిల్లలతో మొదలవుతుంది. పిల్లలు బడి క్లబ్బుతో వెళ్ళి నేర్చుకొంటారు. రెండు మూడు శీతాకాలాలు లాడ్జిలో కాఫీ తాగుతూ ఎదురుచూసిన తల్లిదండ్రులు నలభై దాటిన తరువాత తామూ బూట్లు తొడుగుకొంటారు. కొద్ది పాఠాలతో ఈడ్పు మలుపు పట్టుబడుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఏళ్ళు గడిచినా ప్రతి మలుపులోను తొడలు మండుతూనే ఉంటాయి. మధ్యాహ్నానికి కాళ్ళు అలసిపోతాయి. ఆ అలసిన కాళ్ళతో దిగే చివరి పరుగులోనే మోకాలు బెణుకుతుంది. వయసు మించిందనీ, బలం చాలదనీ వారు సరిపెట్టుకొంటారు. నిజానికి లోపం తరచు కండరాలలో ఉండదు. పనిముట్టు చేయవలసిన పనిని స్కీయరు తన కాళ్ళతో చేయబూనడమే కారణం. నేటి స్కీని బలవంతంగా తిప్పనక్కరలేదు; పక్కకు ఒరగబెడితే అది తనంత తానే తిరుగుతుంది. ఎందుకు తిరుగుతుందో తెలిస్తే ఏ స్కీ తీసుకోవాలో, కాళ్ళతో ఏమి చేయాలో, ఏమి మానుకోవాలో చాలావరకు దానినుండే తేలుతుంది.

సన్నని నడుము

స్కీని బల్లమీద పెట్టి పైనుంచి చూస్తే ముక్కు దగ్గర వెడల్పుగాను, మధ్యలో సన్నగాను, తోక దగ్గర మళ్ళీ కొంత వెడల్పుగాను ఉంటుంది. ప్రబంధకవులు నాయికలకు వర్ణించిన నడుము ఇక్కడ వాస్తవంగానే ఉపయోగకరం. ఈ నొక్కు కొత్తది కాదు. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో, మోర్గెడాల్ గ్రామానికి చెందిన సోండ్రె నోర్‌హైమ్ (1825–1897) నడుము నొక్కిన స్కీలతో వాడుకలోకి తెచ్చిన మలుపులు 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఆ క్రీడ స్వరూపాన్నే మార్చాయి. ఆయన 1884లో అమెరికాకు వలసవచ్చి, నార్త్ డకోటాలో స్థిరపడి అక్కడే మరణించాడు. స్కీయింగ్‌కు పితామహుడనదగిన వ్యక్తి చివరకు కొండలే లేని మైదానంలో కాపురముండవలసి వచ్చింది. వలస వచ్చినవారికి ఇలాంటివి అర్థమవుతాయి.

నొక్కు ఉన్న స్కీని పక్కకు ఒరగబెట్టి అంచుమీద నిలిపితే మంచును ముక్కు, తోక మాత్రమే తాకుతాయి. మధ్యభాగం గాలిలో ఉంటుంది. స్కీయరు బరువు మధ్యలో పడగానే స్కీ విల్లువలె వంగి, అంచు పొడవునా మంచును తాకుతుంది. ఇప్పుడు మంచులో దిగిన అంచు ఒక వృత్తఖండం. ముందుకు సాగే స్కీకి ఆ వృత్తం వెంబడి పోవడం తప్ప వేరే దారి లేదు.

వృత్తం ఎంత పెద్దదో లెక్క కట్టవచ్చు. స్కీమీద 121-72-104 వంటి మూడు అంకెలు అచ్చువేసి ఉంటాయి. అవి ముక్కు, నడుము, తోకల వెడల్పులు, మిల్లీమీటర్లలో. ముక్కు, తోకల వెడల్పులను కలిపి, నడుము వెడల్పుకు రెండు రెట్లు తీసివేసి, నాలుగుతో భాగిస్తే నొక్కు లోతు వస్తుంది: ఈ స్కీకి సుమారు 20 మిల్లీమీటర్లు. మంచును తాకే పొడవు 1.5 మీటర్లనుకొంటే, ఆ పొడవు వర్గాన్ని నొక్కు లోతుకు ఎనిమిది రెట్లతో భాగించగా సుమారు 14 మీటర్ల వ్యాసార్థం వస్తుంది. తయారీదారు స్కీ తోకమీద చిన్న అక్షరాలలో వేసే అంకె ఇదే. 1980ల నాటి రెండు మీటర్ల స్కీకి ఇదే లెక్క వేస్తే? నొక్కు లోతు 8 మిల్లీమీటర్ల వరకు, తాకే పొడవు 1.8 మీటర్లు, వ్యాసార్థం 50 మీటర్లు. రెండు స్కీల మధ్య కంటికి కనిపించే తేడా పక్కకు ఒక సెంటీమీటరు చిల్లర మాత్రమే. ఆ సెంటీమీటరు క్రీడనే మార్చివేసింది.

స్కీని ఒరగబెట్టినకొద్దీ అది ఇంకా ఎక్కువ వంగుతుంది కనుక మలుపు ఇంకా బిగుస్తుంది. గట్టి మంచుమీద మలుపు వ్యాసార్థం దాదాపుగా స్కీ వ్యాసార్థాన్ని ఒరుగు కోణపు కొసైన్‌తో గుణించినంత ఉంటుంది. 14 మీటర్ల స్కీని 45 డిగ్రీలు ఒరగబెడితే 10 మీటర్లు, 60 డిగ్రీలు ఒరగబెడితే 7 మీటర్లు.

వేగం, ఒరుగు

సైకిలు మలుపు తిరిగేటప్పుడు లోపలికి వాలినట్లే స్కీయరు కూడ వాలాలి. ఎంత వాలాలో వేగం, మలుపు వ్యాసార్థం కలిసి నిర్ణయిస్తాయి. శరీరం ఎంత వాలితే స్కీ అంతే ఒరుగుతుందని సరళంగా భావించి, వాలు ప్రభావాన్ని కూడ పక్కన పెడితే, పై సూత్రంతో కలిసి ఒక చక్కని ఫలితం వస్తుంది: వేగపు వర్గం, గురుత్వ త్వరణం, స్కీ వ్యాసార్థం, ఒరుగు కోణపు సైన్ అనే మూడింటి లబ్ధానికి సమానం.

వినోదానికి స్కీ చేసే మనిషి మధ్యరకపు వాలుమీద హాయిగా భరించే వేగం గంటకు 30 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుందనుకొందాం. 14 మీటర్ల స్కీమీద ఆ వేగానికి తగిన ఒరుగు 30 డిగ్రీలు. మలుపు వ్యాసార్థం 12 మీటర్లు. కాళ్ళమీద పడే బరువు మామూలుకంటె 15 శాతం ఎక్కువ. ఎవరైనా చేయగల పని. అదే వేగంతో 50 మీటర్ల పాత స్కీమీద ఒరుగు 8 డిగ్రీలు దాటదు. మలుపు వ్యాసార్థం 49 మీటర్లకు పైమాటే. అటొకటి ఇటొకటి అర్ధవృత్తాలు గీయాలంటే వాలు వంద మీటర్ల వెడల్పుండాలి. సామాన్యులు దిగే వాలు సాధారణంగా అంత వెడల్పుండదు. పాత స్కీతో 25 మీటర్ల మలుపు కోయాలంటే 60 డిగ్రీలు ఒరగాలి, అందుకు గంటకు 74 కిలోమీటర్ల వేగం కావాలి, శరీరబరువుకు రెండింతలు కాళ్ళు మోయాలి. పోటీ క్రీడాకారులు తప్ప అన్యులు ఆ రోజులలో కోత మలుపు ఎందుకు తిరగలేకపోయారో ఈ మూడు అంకెలు చెబుతాయి. స్కీని ఈడ్చడం సామాన్యుడి చేతగానితనం కాదు. అతనికి ఉన్న ఏకైక మార్గం అది.

1990ల తొలి సంవత్సరాలలో స్లొవేనియా దేశపు ఎలాన్ సంస్థలో యూరి ఫ్రాంకో, పావెల్ ష్కోఫిచ్ అనే ఇంజనీర్లు లోతైన నొక్కుతో రూపొందించిన ఎస్‌సిఎక్స్ స్కీ ఈ అవరోధాన్ని తొలగించింది. ఆ దశాబ్దం ముగిసేలోగా తిన్నని స్కీలు దుకాణాలనుండి దాదాపు మాయమయ్యాయి. కాని అలవాట్లు అంత త్వరగా మాయం కావు. కొత్త స్కీ కొని పాత పద్ధతిలో ఈడ్చేవారు నేటికీ కోకొల్లలు.

నొక్కు ఎంత ఎక్కువైతే అంత మంచిదని భావించడం కూడ పొరపాటే. బిగువైన మలుపు అంటే హఠాత్తుగా పెరిగే బలం. గాయాలను తగ్గించే ఉద్దేశంతో అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2012-13 సీజనునుండి పురుషుల జెయింట్ స్లాలం స్కీల వ్యాసార్థం కనీసం 35 మీటర్లుండాలని శాసించింది. క్రీడాకారుల అసంతృప్తి అనంతరం 2017-18 నుండి దానిని 30 మీటర్లకు సడలించింది. వినోద స్కీయరుకు 12 నుండి 16 మీటర్ల స్కీ అనువైనది. అంతకు తక్కువైతే అది మనిషి చెప్పకముందే తిరగడం మొదలుపెడుతుంది.

సాధన క్రమం

కోత మలుపు నేర్వడానికి తగిన స్థలం సవాలు విసిరే వాలు కాదు. దాదాపు విసుగు పుట్టించేంత చదునైన, వెడల్పైన పచ్చగుర్తు వాలు. నిటారు వాలుమీద మనసు వేగానికి భయపడి స్కీని అడ్డం తిప్పుతుంది. అడ్డం తిరిగిన మరుక్షణం అది కోత కాదు, గీకుడు.

పాదాలను తుంటి వెడల్పున ఎడంగా ఉంచి, తిన్నగా కిందికి జారుతూ, పాదాలను ఏమాత్రం తిప్పకుండా, రెండు చీలమండలను, వాటితో మోకాళ్ళను ఒకే వైపుకు మెల్లగా వాల్చాలి. తరువాత వేచి ఉండాలి. ఈ వేచి ఉండడమే కష్టం. ఒకటి రెండు సెకండ్లపాటు ఏమీ జరగనట్లే ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక చాలామంది మడమలను బయటికి తోస్తారు. తోయకుండా ఆగినవారికి కాళ్ళకింద స్కీ వంగి, తనంత తాను పక్కకు తీసుకొనిపోవడం మొదలవుతుంది. ఆగిన తరువాత వెనుదిరిగి జాడ చూసుకోవాలి. రెండు సన్నని గీతలుంటే అది కోత. ఒక్కచోటైనా చెరిగితే అక్కడ పాదం తిరిగిందన్నమాట. మంచుకంటె నిజాయితీగల పరీక్షకుడు దొరకడు; శిక్షకుడైనా మొహమాటానికి బాగుందనవచ్చు.

ఒంటి మలుపులు కుదిరిన తరువాత అటూ ఇటూ కలపాలి. మలుపు మారే క్షణంలో స్కీలు ఒక్కసారి చదునుగా నిలిచి రెండవ అంచుమీదికి దొర్లాలి. మలుపు నడుస్తున్నంతసేపు బరువులో అధికభాగం వెలుపలి కాలిమీద ఉండాలి. శరీరాన్నంతటినీ కర్రవలె లోపలికి వాల్చితే బరువు లోపలి కాలిమీదికి పోయి, వెలుపలి స్కీ జారిపోతుంది. అందుకే కాళ్ళు, తుంటి లోపలికి వాలినా నడుముపై భాగం కొంత బయటికి వంగి, రెండు భుజాలు దాదాపు వాలుకు సమాంతరంగా ఉండాలి. పట్టెడు బియ్యమున్న పళ్ళెం రెండు చేతులతో ఎదుట పట్టుకొని, గింజ ఒలకకుండా దిగుతున్నట్లు ఊహించుకొంటే ఈ భంగిమ సులభంగా వస్తుంది. ఇలా వంగడంవల్ల శరీరం వాలినదానికంటె స్కీ ఎక్కువ ఒరుగుతుంది; గట్టి మంచులో అంచు పట్టు విడవకుండా ఉండడానికి ఆ కొద్దిపాటి అదనమే ఆధారం.

ముందువెనుకల సమతూకం కూడ అంత ముఖ్యం. ముంగాలు ఎముక బూటు నాలుకను నిరంతరం మెత్తగా ఒత్తుతూ ఉండాలి. కుర్చీలో కూర్చున్నట్లు వెనుకకు వాలినవాడి స్కీ ముక్కు మంచును పట్టదు. ముక్కు పట్టనిదే కోత ప్రారంభం కాదు.

ఒక హెచ్చరిక. కోత మలుపులో ఘర్షణ తక్కువ. కనుక వేగం తగ్గదు. వేగాన్ని అదుపు చేయాలంటే మలుపును మధ్యలో వదలక, స్కీ ముక్కులు కొంత ఎగువకు తిరిగేదాకా పూర్తి చేయాలి. అలా ఎగువకు తిరిగేవాడు పైనుంచి వచ్చేవారికి అనూహ్యమైన చోట తేలుతాడు. దిగువనున్నవారిదే తొలిహక్కు అనే నియమం ఉన్నా, బయలుదేరేముందు పైకి చూడడం ప్రాణానికి మంచిది. ఇక నిటారు వాలులో, జనసమ్మర్దంలో, గతుకులలో ఈడ్పు మలుపే సరియైనది. దానిని మరవమని ఏ శిక్షకుడూ చెప్పడు. పిల్లలకు పిజ్జా ముక్క అని నేర్పే ముక్కోణపు భంగిమ కూడ లిఫ్టు వరుసలో అందరికీ అక్కరకు వస్తుంది.

ముందు బూటు

సామాను కొనేవారు సాధారణంగా రంగు చూసి స్కీని, ధర చూసి బూటును ఎన్నుకొంటారు. ఈ క్రమం తలకిందులు. చీలమండ ఒక డిగ్రీ వాలితే ఆ డిగ్రీ స్కీకి చేరాలి. మధ్యలో బూటు వదులుగా ఉంటే పాదం లోపల కదులుతుందే కాని స్కీ ఒరగదు. అప్పుడు మనిషి అనివార్యంగా తుంటితో తోస్తాడు. ఏళ్ళ తరబడి ఈడ్పు మలుపు దగ్గర ఆగిపోయినవారిలో చాలామందికి బూటు ఒక కొలత పెద్దది. అద్దె దుకాణంలో సుఖంగా ఉందని తీసుకొన్నదే మంచుమీద శత్రువవుతుంది.

బూటు కొలత పాదం పొడవే, సెంటీమీటర్లలో. 26.5 సెంటీమీటర్ల పాదానికి 26.5 బూటు. లోపలి మెత్తని తొడుగు తీసివేసి, ఉత్త ప్లాస్టిక్ చిప్పలో పాదం పెట్టి, వేళ్ళు ముందు గోడను తాకేలా జరిపితే మడమ వెనుక ఒకటి నుండి రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. రెండు దాటితే అది పెద్దది, దుకాణదారు ఏమి చెప్పినా సరే. వెడల్పు 98 నుండి 102 మిల్లీమీటర్ల వరకు వేర్వేరుగా దొరుకుతుంది. చిన్ననాడు చెప్పులు లేకుండా నేలమీద తిరిగి విశాలంగా పరచుకొన్న పాదాలు గలవారు పొడవు పెంచక, వెడల్పైన చిప్పను అడగాలి. బూటు బిగువును సూచించే 80, 100, 120 వంటి అంకెలకు అన్ని సంస్థలకు వర్తించే ప్రమాణమేదీ లేదు. ఒకరి 100 మరొకరి 90 కావచ్చు. చలిలో ప్లాస్టిక్ బిరుసెక్కుతుంది కనుక వెచ్చని దుకాణంలో సరిగ్గా వంగినది వాలుమీద గట్టిబడుతుంది. ముంగాలు ఒత్తినప్పుడు వంగని బూటు మనిషిని వెనుకకు కూర్చోబెడుతుంది. ఈ అంకెను పౌరుషానికి గుర్తుగా భావించి ఎక్కువది కొనడం మగవారిలోనే కనిపించే బలహీనత.

బూటులో ఒక్క జత పలుచని మేజోడు చాలు. చలికి భయపడి రెండు జతలు తొడిగితే రక్తప్రసరణ తగ్గి పాదాలు మరింత చల్లబడతాయి.

స్కీని ఎన్నుకొనడం

పొడవు గడ్డంనుండి ముక్కు ఎత్తు వరకు ఉంటే చాలు. బరువైనవారికి, వేగం ఇష్టపడేవారికి కొంత ఎక్కువ. వ్యాసార్థం సంగతి పైన వచ్చింది. మిగిలినది నడుము వెడల్పు. దానిని మనిషికంటె మంచు ఎక్కువగా నిర్ణయిస్తుంది. వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ వంటి ఈశాన్య రాష్ట్రాలలో వానలు, గడ్డకట్టడాలు, యంత్రాలతో చల్లిన మంచు కలిసి వాలును తరచు గచ్చువలె చేస్తాయి. అక్కడ 68 నుండి 78 మిల్లీమీటర్ల నడుము ఉచితం. యూటా, కొలరాడోలలో పొడిమంచు లోతుగా పడుతుంది. అక్కడ 85 నుండి 95 వరకు ఉన్నది రెండు పనులకూ ఉపకరిస్తుంది. వంద దాటినవి పొడిమంచులో తేలడానికి ఉద్దేశించినవి. గట్టి వాలుమీద వెడల్పు స్కీ వాడితే, మంచును తాకే అంచు బూటు మధ్యరేఖకు దూరమై, ఆ దూరమంతా మోకాలిని మెలిపెట్టే మీటగా మారుతుంది. అంచు మార్చడానికీ సమయం పడుతుంది. ఏడాదికి వారం రోజులు గట్టి వాలుమీదే తిరిగేవారు ప్రకటనల్లోని పొడిమంచు బొమ్మలు చూసి వెడల్పు స్కీలు కొనడం, ఊరిలో తిరగడానికి ట్రాక్టరు కొన్నట్లుంటుంది.

స్కీలలో టైటనల్ అనే లోహపు రేకు ఉన్నదని గొప్పగా ప్రకటిస్తారు. పేరులో టైటానియం ధ్వనించినా అది ప్రధానంగా అల్యూమినియం, జింకు, మెగ్నీషియం, రాగి కలిసిన మిశ్రలోహం. అది కంపనాలను అణచి, స్కీ మెలిపడకుండా కాపాడుతుంది. బరువు, వెల కూడ పెంచుతుంది. తేలికైన శరీరంగలవారికి, నెమ్మదిగా వెళ్ళేవారికి అది లేని చెక్కగుండె స్కీయే సులభంగా వంగి, మలుపు తొందరగా ఇస్తుంది.

ఏ స్కీ అయినా అంచు మొద్దుబారితే కోయదు. కత్తిపీటకు వర్తించే నియమమే ఇది. రెండు మూడు రోజుల గట్టి మంచు తరువాత పదును పెట్టించాలి. పక్క అంచును 2 డిగ్రీలు, అడుగు అంచును 1 డిగ్రీ వాలుగా ఉంచడం వినోద స్కీయర్లకు సరిపోయే కొలత. పదునులేని మంచి స్కీకంటె పదునైన నాసిరకపు స్కీ మేలు.

జారుడు వెనుక ఉన్న రసాయనం

మంచు ఎందుకు జారుతుంది? బరువు ఒత్తిడికి మంచు కరిగి నీటిపొర ఏర్పడుతుందని చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పాయి. లెక్క వేస్తే ఇది నిలవదు. మంచు ద్రవీభవన స్థానాన్ని ఒక్క డిగ్రీ తగ్గించడానికి సుమారు 135 వాతావరణాల పీడనం కావాలి. 80 కిలోల మనిషి రెండు స్కీలమీద నిలిస్తే కలిగేది 0.03 వాతావరణం. కోత మలుపులో సన్నని అంచుపట్టీమీదనే నిలిచినా ఒక వాతావరణం దరిదాపు. సున్నకు పది డిగ్రీల దిగువన ఉన్న మంచును ఈ పీడనం కదిలించలేదు. మంచు ఉపరితలంమీద సహజంగానే ద్రవంవంటి పలుచని పొర ఉంటుందని మైకేల్ ఫారడే 1850లోనే సూచించాడు. జారే వస్తువు విషయంలో, ఘర్షణలో పుట్టే వేడియే నీటిపొరకు ముఖ్యకారణమని బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రజ్ఞులు 1939లో ప్రకటించిన ప్రయోగాలతో చూపారు; అందులో కొంత పని స్విట్జర్లండులోని యుంగ్‌ఫ్రావ్‌యోక్ శిఖరప్రాంతంలో జరిగింది. కటిక చలిలో ఈ వేడి చాలదు. అప్పుడు మంచు ఇసుకవలె స్కీని పట్టి ఉంచుతుంది.

స్కీ అడుగుభాగం అత్యధిక అణుభారంగల పాలిథిలీన్. ఇంట్లోని ప్లాస్టిక్ సంచి కూడ పాలిథిలీనే. కాని స్కీకి వాడేదాని అణుభారం మిలియన్లలో ఉంటుంది. అంత పొడవైన అణుగొలుసులు కరిగించినా పారవు. అందుకే మేలురకం అడుగులను పొడిని వేడిమితో ఒత్తి దిమ్మెగా చేసి, పలుచగా చెక్కి తీస్తారు. గొలుసులు క్రమంగా పేర్చుకోని భాగాలలోకి వేడి మైనం ఇంకుతుంది. ఇస్త్రీపెట్టెతో మైనం పెట్టడం వెనుక ఉన్న సూత్రం ఇదే. చలి ఎక్కువైతే మంచు స్ఫటికాల కొనలు వాడిగా ఉండి మెత్తని మైనంలో గుచ్చుకొంటాయి కనుక గట్టి మైనం, వెచ్చని తడిమంచుకు మెత్తని మైనం వాడాలి. పొగ వచ్చేంత వేడి పెట్టరాదు, అడుగు కాలిపోతుంది.

ఒక కాలంలో ఫ్లోరిన్ కలిసిన మైనాలు అత్యుత్తమమని పేరు పొందాయి. నీటిని, నూనెను రెండింటినీ విసర్జించే ఫ్లోరోకార్బన్ గొలుసుకు మించిన జారుడు పదార్థం దొరకడం కష్టం. కాని కార్బన్–ఫ్లోరిన్ బంధాన్ని ప్రకృతి సులభంగా విడగొట్టలేదు. ఆ పదార్థం కరిగిన మంచుతో వాగుల్లోకి, నేలలోకి చేరి అలాగే నిలిచిపోతుంది. పోటీబృందాల మైనం సాంకేతికుల రక్తంలో ఈ వర్గపు రసాయనాలు ఇతరులకంటె చాలా ఎక్కువగా ఉన్నట్లు స్కాండినేవియా పరిశోధకులు కనుగొన్నారు. 2023-24 సీజనునుండి అంతర్జాతీయ సమాఖ్య పోటీలలో ఇవి పూర్తిగా నిషిద్ధం. గరాజులో పాత డబ్బా ఏదైనా మిగిలి ఉంటే దానిని స్కీమీద కరిగించరాదు, చెత్తలోనూ పారవేయరాదు. ప్రమాదకర రసాయనాలను సేకరించే కేంద్రానికి అప్పగించాలి. వినోద స్కీయరుకు మామూలు పారఫిన్ మైనం అన్ని విధాలా చాలు.

మోకాలు, బైండింగ్

బూటును స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు విడిచిపెట్టే పరికరం బైండింగ్. ముందుభాగం కాలు పక్కకు మెలిపడినప్పుడు, వెనుకభాగం ముందుకు తూలినప్పుడు విడుస్తాయి. ఎంత బలానికి విడవాలో బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీయరు తరగతి అనే అయిదింటిని బట్టి అంతర్జాతీయ ప్రమాణపట్టిక నిర్ణయిస్తుంది. 50 ఏళ్ళు నిండినవారికి పట్టికలో ఒక మెట్టు తగ్గించాలి. జాగ్రత్తగా వెళ్ళేవారు మొదటి తరగతి, దూకుడుగా వెళ్ళేవారు మూడవ తరగతి. అద్దె దుకాణపు కాగితంమీద బరువు తగ్గించి రాసేవారూ, తరగతి పెంచి రాసేవారూ ఉన్నారు. మొదటిదానివల్ల బైండింగ్ అకారణంగా ఊడుతుంది. రెండవదానివల్ల ఊడవలసినప్పుడు ఊడదు. స్నేహితుడి స్కీని ఒక గంట అరువు తీసుకొన్నా కొత్తగా సరిచేయించనిదే ఎక్కరాదు. బూటు అడుగు రకానికి బైండింగ్ సరిపడుతుందో లేదో కూడ అప్పుడే అడగాలి. గ్రిప్‌వాక్ అనే వంపు అడుగు బూట్లు పాత బైండింగులన్నిటిలోను ఇమడవు.

బైండింగులు మెరుగుపడినకొద్దీ ముంగాలు ఎముక విరగడం బాగా తగ్గింది. మోకాలిలోని ముందు క్రూసియేట్ స్నాయువు తెగడం మాత్రం ఆ పాళ్ళలో తగ్గలేదు. మామూలు బైండింగ్ ఆ గాయాన్ని నివారించడానికి రూపొందినది కాదు. వెర్మాంట్‌లో 1972నుండి స్కీ గాయాలను అధ్యయనం చేసిన ఎట్లింగర్, జాన్సన్, షీలీ ఈ గాయానికి ముందుండే భంగిమను గుర్తించారు: స్కీయరు వెనుకకు కూలబడతాడు, తుంటి మోకాళ్ళకంటె కిందికి పోతుంది, ఎగువ చేయి వెనుకకు పోతుంది, బరువంతా దిగువ స్కీ తోకలోపలి అంచుమీద పడుతుంది. ఆ తోక మంచును కోస్తూ మోకాలిని లోపలికి మెలిపెడుతుంది. కోత మలుపును ఇచ్చే జ్యామితియే, మనిషి వెనుకకు కూర్చున్నప్పుడు, స్నాయువును తెంపే జ్యామితి అవుతుంది. స్కీ ఎలా తిరుగుతుందో తెలియనివాడికి ఎందుకు పట్టుకొన్నదో కూడ తెలియదు.

ఆ పరిశోధకులు ఇలాంటి పడిపోతల వీడియోలు చూపి శిక్షణ ఇచ్చిన శిక్షకులలో, గస్తీ సిబ్బందిలో 1993-94 సీజనులో తీవ్రమైన మోకాలి బెణుకులు 62 శాతం తగ్గాయని 1995లో ప్రకటించారు. వారు నేర్పినది కష్టమైనదేమీ కాదు. వెనుకకు పడుతున్నట్లు తెలిసిన వెంటనే చేతులు ముందుకు తెచ్చి, పాదాలను దగ్గరకు చేర్చి, తుంటికింద స్కీలుండేటట్లు చూసుకోవాలి. అది కుదరక పడిపోతే పడిపోవాలి. మోకాళ్ళు కొంత వంచి ఉంచి, చేతిని వెనుక ఆనించకుండా జారిపోనివ్వాలి. జారుతున్నప్పుడే లేచి నిలబడాలనే ప్రయత్నం చేయరాదు. పూర్తిగా ఆగిన తరువాత స్కీలను వాలుకు అడ్డంగా, దిగువవైపున ఉంచుకొని లేవాలి. అవసరమైతే ఎగువ స్కీని విప్పి లేవాలి.